ఊగుచున్న ఉయ్యాల ఏల ఆగును?

ఉయ్యాలను ఒకసారి ఊపి వదలినచో కొంతసేపు ఊగి, క్రమక్రమముగా తగ్గి, చివరకు నిశ్చలమగును. ఇది ఎరుగనివారు లేరు. తెలుగునాట అట్లతద్దినాడు చెట్టుకొమ్మలకు కట్టు ఉయ్యాలలు, ఉర్దూ విభాగపు మిత్రులకు సుపరిచితములైన సావన్ మాసపు 'ఝూలా'లు, పసిబిడ్డల తొట్టెలు, అన్నియు ఈ ఒక్క నియమమునకే లోబడినవి. ఊపు చేయి ఆగిన కొంతసేపటికి ఉయ్యాలయు ఆగును. అయితే 'ఏల ఆగును?' అని అడిగినప్పుడు మాత్రము విద్యార్థులనుండి సాధారణముగా రెండు సమాధానములు వచ్చును. భూమి ఆకర్షించుటవలన ఆగునని కొందరు, మనమిచ్చిన బలము ఖర్చయిపోవుటవలన ఆగునని మరికొందరు వ్రాయుదురు. రెండును సరియైనవి కావు. ఎందుకు కావో, సరియైన కారణములేవో ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

రెండవ సమాధానమును ముందుగా చూతము. బలము అనునది సంచిలోని బియ్యమువలె నిలువ యుండి, కొంచెము కొంచెముగా ఖర్చగు పదార్థము కాదు. మన చేయి ఉయ్యాలను తాకియున్నంతసేపే మన బలము దానిపై పనిచేయును. చేయి తీసిన మరుక్షణమున ఆ బలము లేదు. కదలుచున్న వస్తువు కదలుచునే యుండుటకు బలము అక్కరలేదనియు, దాని గతిని మార్చుటకే బలము కావలెననియు గెలీలియో తెలియజెప్పెను. న్యూటన్ 1687లో ప్రకటించిన 'ప్రిన్సిపియా' గ్రంథములో దానినే తన మొదటి గమననియమముగా నిలిపెను. కనుక ఉయ్యాల ఆగినదన్నచో, దానిని ఆపిన బలము ఏదియో ఎదురుగా నిలిచి పనిచేసియుండవలెను. ఆ బలమెక్కడిది?

భూమ్యాకర్షణమే యని మొదటివారి వాదన. ఉయ్యాల పైకి పోవునప్పుడు ఆకర్షణ దాని వేగమును తగ్గించుట వాస్తవమే. కాని అదే ఉయ్యాల క్రిందికి దిగునప్పుడు ఆ ఆకర్షణయే వేగమును తిరిగి ఇచ్చుచున్నది. తీసికొన్నదంతయు ఇచ్చివేయు ఋణదాతను దొంగ అనలేము గదా! లెక్కతో చూచిన మరింత స్పష్టమగును. 2.5 మీటర్ల పొడవుగల గొలుసులతో వ్రేలాడు ఒక ఉయ్యాలను తీసికొందము. పీట బరువు 5 కిలోగ్రాములు, దానిపై కూర్చున్న బాలిక బరువు 25 కిలోగ్రాములు, మొత్తము 30. దీనిని నిలువుగీతనుండి 30 డిగ్రీల వరకు లాగి వదలుదము. అప్పుడు పీట తన అడుగు స్థానముకంటె సుమారు 33 సెంటీమీటర్లు ఎత్తుకు లేచును. ఆ ఎత్తునగల స్థితిజశక్తి సుమారు 98 జౌళ్లు. పీట అడుగునకు వచ్చుసరికి ఆ శక్తి అంతయు గతిజశక్తిగా మారి, సెకనుకు సుమారు 2.6 మీటర్ల వేగము కలుగును. ఆవలివైపు మరల 33 సెంటీమీటర్లు లేచుసరికి గతిజశక్తి అంతయు తిరిగి స్థితిజశక్తి యగును. ఆకర్షణ ఒక్కటే యున్నచో ఈ మార్పిడి యుగాంతము వరకు సాగవలసినదే. పైగా ఉయ్యాలను నడిమికి మరల మరల పిలిచి ఊగించునదియే ఆకర్షణ. అది లేనిచో ఊగుటయే లేదు.

గొలుసులోని తన్యతబలమును కూడ అనుమానింప పనిలేదు. పీట వృత్తఖండముపై కదలుచుండగా గొలుసు ఎల్లప్పుడు ఆ మార్గమునకు లంబముగా లాగుచుండును. కదలికకు లంబమైన బలము దిశను మార్చగలదు గాని పని చేయజాలదు. అనగా శక్తిని ఇవ్వను లేదు, తీసికొనను లేదు.

ఇక మిగిలినవి మూడు: చుట్టునున్న గాలి, పైనున్న కొక్కెము, గొలుసో మోకో దానిని మోయు దూలమో కొమ్మయో. ఈ మూడును కలిసి ఉయ్యాలను ఆపుచున్నవి. ఇంతవరకు చాల పుస్తకములలో చూడవచ్చును. కాని ఈ మూడింటిలో ఎవరి వాటా ఎంత? ఆ వాటాలు ఉయ్యాల ఊగుచున్నంతసేపును ఒకేతీరుగ నుండునా? ఈ విషయమున పుస్తకములు సాధారణముగా మౌనము వహించును. మాకు ముఖ్యముగా తోచినది అదియే.

గాలిని ముందుగా గ్రహింతము. పీట, బాలిక శరీరము కదలునప్పుడు ఎదుటనున్న గాలిని ప్రక్కకు త్రోసివేయవలెను. వెనుక సుడులు లేచును. ఒక ఘనమీటరు గాలి బరువు సుమారు 1.2 కిలోగ్రాములు, అంతటి పదార్థమును కదలించుట ఊరక జరుగదు. వేగము రెట్టింపైనచో ఒక సెకనులో తగులు గాలి రెట్టింపగును, ఆ గాలికి ఇవ్వవలసిన వేగమును రెట్టింపగును. కావున నిరోధము నాలుగు రెట్లగును. ఇదియే వేగవర్గ నియమము. మన ఉయ్యాల గాలికి ఎదురొడ్డు వైశాల్యము 0.4 చదరపు మీటరనియు, ఆకారమునుబట్టి వచ్చు గుణకము 1 అనియు అనుకొన్నచో, అడుగున పూర్తివేగముతో పోవునప్పుడు గాలి నిరోధము సుమారు 1.6 న్యూటన్లు. 160 గ్రాముల బరువును చేతబట్టినప్పటి భారమింతే! అయినను పోవుటయు వచ్చుటయు కలిసిన ఒక డోలనములో ఆ బలము సుమారు 5.5 జౌళ్లను హరించును.

ఈ నియమమును ఊహించుట కాదు, లోలకముతో కొలిచినవాడు న్యూటన్. సుమారు 57 ఔన్సుల కొయ్యగుండును పదిన్నర అడుగుల దారమునకు వ్రేలాడదీసి ఊపెను. మొదటి ఊపు పొడవులో ఎనిమిదవ వంతు తగ్గుటకు ఎన్ని డోలనములు పట్టునో లెక్కించెను. 2 అంగుళముల దూరమునుండి వదలినప్పుడు 164 డోలనములు, 4 అంగుళములకు 121, 8కి 69, 16కి 35½, 32కి 18½, 64కి 9⅔. ఈ అంకెలను శ్రద్ధతో చూడుడు. 16 నుండి 32కు, 32 నుండి 64కు పోవునప్పుడు దూరము రెట్టింపైన కొలది డోలనముల సంఖ్య దాదాపు సగమగుచున్నది. నిరోధము వేగవర్గమును అనుసరించినచో సరిగా ఇట్లే కావలెను. కాని 2 నుండి 4కు పోవునప్పుడు 164 సగమై 82 కాలేదు, 121 దగ్గరనే నిలిచెను. చిన్న ఊపులలో వేగవర్గముతో సంబంధములేని మరియొక నిరోధము కలిసియున్నదని దీనివలన తెలియుచున్నది. న్యూటన్ కూడ వేగవర్గముతోబాటు వేగముయొక్క తక్కువ ఘాతములను చేర్చియే తన లెక్కను సరిపెట్టెను. గడియారమైనను నేటివంటిది లేని కాలమున, దారము, గుండు, లెక్కించు ఓపిక మాత్రమే పరికరములుగా ఇంతటి సత్యమును రాబట్టుట మాకు నేటికిని ఆశ్చర్యమే.

ఇక కొక్కెము. దూలమునకు బిగించిన ఇనుపకడ్డీపై గొలుసు చివరి కడియము వ్రేలాడుచుండును. ఉయ్యాల ఊగినప్పుడెల్ల ఆ కడియము కడ్డీపై ఇటునటు జారును. ఇనుము ఇనుముపై జారుటవలన ఘర్షణ పుట్టును. ఈ ఘర్షణకు గాలి నిరోధమునకును ఒక పెద్ద భేదము కలదు. ఎండిన ఉపరితలముల మధ్య ఘర్షణ వాటిని అదుము భారముపై ఆధారపడునేకాని, జారు వేగముపై అంతగా ఆధారపడదు. 1699లో అమోంటన్స్, 1785లో కూలుంబ్ ఈ సంగతిని నిర్ధారించిరి. మెల్లగా ఊగినను, వేగముగా ఊగినను కొక్కెము వసూలుచేయు సుంకము తగ్గదు. ఎంత కోణము తిరిగినదన్నదే దానికి లెక్క. ఘర్షణ గుణకము 0.3, కడ్డీ వ్యాసార్ధము 1 సెంటీమీటరు అనుకొందము. 30 డిగ్రీల ఊపులో ఒక డోలనమునకు కొక్కెమువద్ద పోవు శక్తి సుమారు 1.9 జౌళ్లు. గాలి తీసికొన్న 5.5తో పోల్చిన ఇది మూడవ వంతు మాత్రమే.

అయితే ఉయ్యాల తగ్గి 5 డిగ్రీలకు వచ్చినప్పటి లెక్క చూడుడు. గాలి ఒక డోలనములో తీసికొనునది 0.03 జౌలునకు లోపే. కొక్కెము తీసికొనునది సుమారు 0.3 జౌలు. పది రెట్లకు మించి కొక్కెమే అధికము! ఊపు సగమైనప్పుడు గాలి తీసికొను శక్తి ఎనిమిదవ వంతునకు పడిపోవును. వేగమువలన నాలుగవ వంతు, నడచు దూరమువలన మరల సగము. కలిసి ఎనిమిదవ వంతు. కొక్కెము తీసికొనునది మాత్రము సగమే యగును. పై ఉదాహరణములో సుమారు 17, 18 డిగ్రీల వద్ద ఇద్దరి వాటాలు సమానమగును. అంతకు పైన గాలిదే పెత్తనము. అంతకు క్రింద కొక్కెముదే.

కనుక ఉయ్యాలను ఆపునది గాలియా, ఘర్షణయా అని అడుగుట అసంపూర్ణమైన ప్రశ్న. ఏ దశలో, అని కూడ అడుగవలెను. ఈ ఉయ్యాల 30 డిగ్రీలనుండి పూర్తిగా ఆగుటకు లెక్కప్రకారము 65 డోలనములు, అనగా సుమారు మూడున్నర నిమిషములు పట్టును. ఒక్కొక్క డోలనమునకు సుమారు 3.2 సెకనులు. మొదటి 16 డోలనములలోనే ఊపు 30 నుండి 18 డిగ్రీలకు దిగును. ఆ పతనము గాలి చేసినది. తరువాతి దాదాపు 50 డోలనములు కొక్కెముతో సాగు దీర్ఘమైన బేరము.

ఇంటర్మీడియెట్, డిగ్రీ పాఠ్యపుస్తకములు చదివినవారు ఇచట ఒక ప్రశ్న వేయవచ్చును. అవరుద్ధ డోలనముల పాఠములో నిరోధము వేగమునకు అనులోమానుపాతమున నుండుననియు, డోలన పరిమితి గుణశ్రేఢిలో తగ్గుననియు వ్రాసియుండును గదా? నిజమే. అనగా ప్రతి డోలనమునకు ఒకే నిష్పత్తిలో తగ్గును: 16, 8, 4, 2, 1 వలె. అట్టి డోలనము గణితరీత్యా ఎన్నటికిని పూర్తిగా ఆగదు. చిన్న గుండు, సన్నని దారము, మెల్లని కదలిక ఉన్నచోట గాలియొక్క స్నిగ్ధత ప్రధానమై ఆ నియమము సరిపడును. 1851లో స్టోక్స్ ప్రకటించిన లోలకముల పరిశోధన అట్టిదే. కాని ఆ నియమమునకు పుస్తకములలో అంతటి గౌరవము లభించుటకు మరొక కారణము కలదు. దాని సమీకరణము సులభముగా సాధింపబడును! పెరటిలోని ఉయ్యాల మాత్రము మన సమీకరణముల సౌలభ్యమునకు కట్టుబడి ఊగదు. కొక్కెపు ఘర్షణకు లోబడిన ఉయ్యాల అంకశ్రేఢిలో తగ్గును. ప్రతి డోలనమునకు ఒకే కొలత తగ్గును. పై ఉదాహరణములో ఆ కొలత సుమారు 0.28 డిగ్రీ. అట్లు తగ్గునది ఒకనాటికి సున్నయగును గనుక నిజముగా ఆగును. 5 డిగ్రీలనుండి సుమారు 18 డోలనములలో, దాదాపు ఒక నిమిషములో, కథ ముగియును.

మూడవ కారణము తరచుగా మరచునది. ఉయ్యాలను మోయు ఆధారము కదలినచో శక్తి అటునుండియు జారిపోవును. న్యూటన్ మరియొక ప్రయోగములో 11 అడుగుల దారమునకు ఒక కొయ్యపెట్టెను ఉక్కు కొక్కెముపై వ్రేలాడదీసెను. పెట్టెను లోహముతో నింపి ఊపగా మొదట అది అనుకొన్నదానికంటె త్వరగా మందగించెను. కారణము విచారింపగా కొక్కెము ఆ బరువునకు చాలక, పెట్టె ఊగినప్పుడెల్ల తానును ఇటునటు వంగుచున్నదని తేలెను. గట్టి కొక్కెమును తెచ్చి, వ్రేలాడు బిందువు కదలకుండ చేసిన పిదపనే ప్రయోగము సాగెను. చెట్టుకొమ్మకు కట్టిన ఉయ్యాలలో ఇదే జరుగును. పిల్లలు ఊగుచుండగా ఆకులు గలగలలాడినచో, ఉయ్యాల శక్తిలో కొంత ఆ ఆకులవరకు పోయినదన్నమాట. ఇనుపస్తంభములు భూమిలో గట్టిగా పాతనిచో అవి ఊగుటయు అట్టిదే. ఇక మోకు విషయమున, అది కొమ్మకు బిగించి కట్టబడి జారకపోయినను, వంగినప్పుడెల్ల దానిలోని పేటలు, నారలు ఒకదానిపై ఒకటి రాపిడి చెందును. పైకి జారుడు కనబడదు గాని లోపల వేలకొలది చిన్న జారుళ్లు కలవు. మోకు ఉయ్యాలలు గొలుసు ఉయ్యాలలకంటె త్వరగా ఆగుటకు ఇది ఒక కారణము. ఊగువాని శరీరము కూడ గట్టిబొమ్మ కాదు. కాళ్లు చేతులు వదులుగా నున్నచో అవియును కొంత శక్తిని మ్రింగును.

ఇట్లు పోయిన శక్తి ఏమగుచున్నది? శక్తి నిత్యత్వ సూత్రము ప్రకారము నశింపదు. గాలిలో లేచిన సుడులు అణగి వేడిమిగా మారును. కొక్కెము, మోకు కొంచెము వేడెక్కును. కాని ఈ వేడిమి ఎంత స్వల్పమో చూడుడు. మన ఉయ్యాల మొదటి శక్తి అయిన 98 జౌళ్లన్నింటిని 5 గ్రాముల నీటికి, అనగా ఒక చిన్న చెంచాడు నీటికి, ఇచ్చినచో దాని ఉష్ణోగ్రత 5 డిగ్రీలైనను పెరుగదు. మూడున్నర నిమిషముల ఆనందము చెంచాడు నీటిని గోరువెచ్చగానైన చేయజాలదు! అందుచేతనే ఈ దొంగతనము ఎవరి చేతికిని తగులదు.

అయితే వేడిమి కాక మరియొక ఆనవాలు మిగులును. దానిని గూర్చి విశేషముగా చెప్పదలచితిమి. జారినచోట లోహము అరుగును, మోకు నారలు తెగును. అరుగుదలకు పోవు శక్తి చాల తక్కువే గాని అది తిరిగిరాదు. పాత ఉయ్యాలల కొక్కెముల క్రింద నల్లని పొడి కనబడును. కడియము లోపలి అంచున గాడి పడియుండును. దినమునకు కొన్ని వేల డోలనముల చొప్పున కొన్ని సంవత్సరములు గడిచినచో ఆ గాడి కడియమును సగము తినివేయగలదు. మోకు విషయము మరింత కఠినము. కొమ్మను తాకు లోపలివైపుననే అది అరుగును. క్రిందనుండి చూచువారికి మోకు క్రొత్తదివలెనే కనబడును.

పైగా ఆ అరిగిన చోటుపై పడు భారము ఊగువాని బరువు మాత్రమే కాదు. అడుగుస్థానము దాటునప్పుడు మార్గము వంచుటకు గొలుసు అదనముగా లాగవలెను. 30 డిగ్రీల ఊపులో అడుగున తన్యత బరువునకు 1.27 రెట్లు, 60 డిగ్రీల ఊపులో సరిగా రెండు రెట్లు, 90 డిగ్రీలవరకు లేచినచో మూడు రెట్లు. ఒక్కరి ఉయ్యాలపై ఇద్దరు కూర్చుండి 60 డిగ్రీలవరకు ఊగినచో మోకు నలుగురి బరువు మోయుచున్నదన్నమాట. మోకులు నిలిచియున్నప్పుడు గాక, ఊపు మంచి జోరుమీదనున్నప్పుడు అడుగుస్థానముననే తెగుటకు కారణమిదియే. కావున పండుగకు ఉయ్యాల కట్టువారు గత సంవత్సరపు మోకును విప్పి, ముడి లోపలి భాగమును విడదీసి చూడవలెను. కొమ్మకు మోకుకు నడుమ గోనెపట్ట చుట్టవలెను. బడి ఆవరణలలోని ఉయ్యాలల కొక్కెములకు కందెన వేయుట కిర్రుమను చప్పుడు మానుటకే యని కొందరనుకొందురు. ఆ చప్పుడే ఘర్షణ. ఆ ఘర్షణయే అరుగుదల.

మా మాటలను ఊరక నమ్మవలసిన పనిలేదు. ఉయ్యాల ప్రక్కన నేలపై సున్నముతో గీతలు గీసి, ఒక మిత్రుని కదలక కూర్చుండబెట్టి, వదలినపిదప ఒక్కొక్క డోలనమునకు పీట ఎంతవరకు పోవుచున్నదో వ్రాసికొనుడు. చివరి ఇరువది డోలనములలో తగ్గుదల సమానమైన మెట్లుగా నున్నచో దోషి కొక్కెము. ఒకే నిష్పత్తిలో నున్నచో మరేదియో కలదు. తరువాత కొక్కెమునకు నూనె వేసి మరల లెక్కించుడు. పెద్ద ఊపుల లెక్క స్వల్పముగానే మారి, చిన్న ఊపులు ఎంతో అధికముగా పెరుగుట గమనింపగలరు. పీటకు అడ్డముగా వెడల్పైన అట్టముక్క కట్టినచో దీనికి సరిగా తలక్రిందులైన ఫలితము వచ్చును. చివరిగా, అదే వెడల్పుగల బరువైన మూటను పెట్టి చూడుడు. గాలి తీసికొనునది మూట బరువునుబట్టి మారదు, కాని ఉయ్యాలలోని శక్తి బరువుతో పెరుగును. కనుక పెద్ద ఊపులు ఎక్కువసేపు నిలుచును. కొక్కెపు ఘర్షణ మాత్రము బరువుతోబాటు తానును పెరుగును గనుక చిన్న ఊపులలో లాభము కనబడదు. 1851లో పారిస్‌లోని పాంథియాన్‌లో ఫూకో 67 మీటర్ల తీగకు 28 కిలోగ్రాముల గుండును వ్రేలాడదీయుటలో ఈ విచక్షణ కలదు. బరువైన, చిన్నదైన గుండును గాలి త్వరగా ఆపలేదు. అయినను ఆపకమానదు. నేడు ప్రదర్శనశాలలలో నిరంతరము ఊగు అట్టి లోలకములకు విద్యుదయస్కాంతమొకటి కనబడకుండ ప్రతి ఊపునకు చిన్న ఆసరా ఇచ్చుచుండును. గడియారపు లోలకమునకు చుట్టిన స్ప్రింగో, దిగు బరువో ఆ పని చేయును.

ఆగిన పిదప పీట నిలిచిన చోటును కూడ సన్నని దారపు గుండుతో కొలిచి చూడుడు. అది సరిగా నడిమి గీతపై నుండకపోవచ్చును. ఆకర్షణ నడిమికి లాగుచున్నను, ఆ లాగుడు మరీ స్వల్పమైనప్పుడు కొక్కెపు ఘర్షణను జయింపజాలదు. మన ఉదాహరణములో నడిమికి ఇరువైపుల మూడేసి మిల్లీమీటర్ల వరకు అట్టి మేర కలదు. ఉయ్యాల దానిలో ఎచటనైనను నిలిచిపోవచ్చును.